రెండు తెరలు, ఒక చిత్రము

మా కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని ఒక లినక్స్ కంప్యూటరునకు రెండు మానిటరులు తగిలించి యున్నవి. ఎడమ ప్రక్కది 24 అంగుళములది, కుడి ప్రక్కది 27 అంగుళములది. విద్యార్థులకు వేడుకగా నుండునని, కృష్ణానది మహాబలేశ్వరమున పుట్టి హంసలదీవి యొద్ద సముద్రమున కలియువరకు గల పటమును రెండు తెరలమీదను పరచుకొనునట్లు వాల్‌పేపరుగా పెట్టితిని. ఎడమ తెరమీద నది బాగుగనే పారినది. కుడి తెరకు పోవునప్పటికి అది సన్నని పిల్లకాలువ యైనది. అదియు తెగిన చోటికి బెత్తెడు ఎత్తున మరల మొదలైనది! నదులు పల్లమునకు పారునని పాఠము చెప్పు ప్రయోగశాలలో కృష్ణ మిట్ట కెక్కినది.

మరునాడు ఉదయము చూడగా కుడి తెరమీద పటము లేనే లేదు. దాని స్థానమున కంప్యూటరుతో వచ్చిన నీలిరంగు చిత్రము కనబడినది. నేను నోరు తెరువకమునుపే ఒక విద్యార్థి, "సార్, నేనేమీ ముట్టుకోలేదండి" అనెను.

ఆ మాటయే నన్ను ఈ వ్యాసమునకు పురికొల్పినది. తప్పు యంత్రపు ఏర్పాటులో నుండగా, నేరము తనమీద పడునని పిల్లవాడు భయపడుట విద్యకు మేలు చేయదు. వాల్‌పేపరు చిన్న విషయమే. కాని తనకు తగిలించిన పరికరములను కంప్యూటరు ఎంతవరకు ఎరుగునో ఈ చిన్న విషయమే బయటపెట్టుచున్నది. ఆ యంత్రముమీద నున్న డెస్క్‌టాపు పేరు చెప్పను. దోషము ఏ ఒక్కదానిదియు కాదు.

గోడ ఒకటే

లినక్సులో చాలకాలము తెరమీద బొమ్మలు చూపిన ఏర్పాటు ఎక్స్ విండో పద్ధతి. ఇది 1984లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో పుట్టినది. దాని 11వ రూపము 1987లో వెలువడినది. ఈ పద్ధతిలో కిటికీలన్నిటికి వెనుక, తెరనంతను ఆక్రమించుచు ఒక మూలకిటికీ ఉండును. వాల్‌పేపరు అనగా ఆ మూలకిటికీకి పూసిన రంగే. దానిమీద చిన్న బొమ్మ నుంచినచో, నేలమీద నాపరాళ్లు పరచినట్లు అదే బొమ్మ మరల మరల వచ్చును. తెర ఒకటిగా నున్నప్పుడు ఈ ఏర్పాటు చక్కనిదే.

రెండవ మానిటరు చేరినప్పుడు చిక్కు మొదలైనది. మొదట ఒక్కొక్క మానిటరును ఒక్కొక్క ప్రత్యేకమైన తెరగా ఎంచిరి. అప్పుడు దేని గోడ దానికే ఉండెను. కాని ఒక తెరమీది కిటికీని రెండవ తెరమీదికి జరుపుటకు వీలు లేకుండెను. 1998లో వచ్చిన జినెరామా అను చేర్పు తెరలన్నిటిని కలిపి ఒక్కటిగా చేసినది. 2007లో వచ్చిన రాండ్ఆర్ 1.2 వలన కంప్యూటరు పనిచేయుచుండగనే మానిటరును తగిలించుటకును, తీయుటకును వీలు కలిగినది. కిటికీలకు స్వేచ్ఛ వచ్చినది. గోడ మాత్రము ఒకటే యైనది.

ఆ గోడ కొలతలను మా ప్రయోగశాలలో లెక్కించి చూతము. ఎడమ తెరలో అడ్డముగా 1920, నిలువున 1080 పిక్సెలులు, అనగా చుక్కలు, ఉన్నవి. కుడి తెరలో అడ్డముగా 3840, నిలువున 2160 ఉన్నవి. రెండింటిని పైయంచులు కలియునట్లు ప్రక్కప్రక్కన చేర్చి, చుట్టును ఒక దీర్ఘచతురస్రము గీసినచో దాని కొలత 5760 × 2160. అందులో మొత్తము 1,24,41,600 చుక్కలు. నిజముగా తెరలమీద నున్నవి 1,03,68,000 మాత్రమే. మిగిలిన 20,73,600 చుక్కలు చిన్న తెరకు క్రిందుగా, ఏ మానిటరునకును చెందక, శూన్యమున నున్నవి. ఇది గోడలో సరిగా ఆరవ వంతు. గోడనంతను ఒక్క బొమ్మతో కప్పు ప్రోగ్రాము, బొమ్మలో ఆరవ వంతును ఎవరికిని కనబడని చోట గీయును. మా పటములో సహ్యాద్రికి దక్షిణముగా నున్న భాగమంతయు అట్లే పోయినది.

చుక్క కొలబద్ద కాదు

నది ఏల మిట్ట కెక్కెనో ఇప్పుడు తెలిసికొనవచ్చును. మా ఎడమ తెరలో ఒక సెంటీమీటరు పొడవున సుమారు 36 చుక్కలు పట్టును. కుడి తెరలో చుక్కలు చిన్నవి కావున సుమారు 64 పట్టును. నది పటము పైయంచునుండి 800వ చుక్కల వరుసలో నున్నదనుకొందము. ఎడమ తెరలో అది పైనుండి 22 సెంటీమీటరుల దిగువను, కుడి తెరలో పన్నెండున్నర సెంటీమీటరుల దిగువను వచ్చును. నది తెగిపోక ఏమగును?

విద్యార్థులు దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును. చుక్కల సాంద్రత వేరువేరుగా నున్న రెండు మానిటరులమీద 720 చుక్కల వ్యాసము గల వృత్తమును గీసి, స్కేలుతో కొలువవలెను. మా ఎడమ తెరమీద అది దాదాపు 20 సెంటీమీటరులు, కుడి తెరమీద 11 సెంటీమీటరుల పైచిలుకు వచ్చినది. సూర్యబింబమును రెండు తెరలకు సగము సగముగా పంచినచో, ఒక సగము పళ్లెమంతయు, ఒక సగము చిప్పంతయు నగును. చుక్క ఒక సంఖ్య మాత్రమే. అది పొడవు కాదు. ప్రమాణము చెప్పక కొలత వ్రాసిన విద్యార్థికి మనము మార్కులు తగ్గింతుము. చుక్కలను మాత్రమే లెక్కించి బొమ్మ పరచు ప్రోగ్రామునకును ఆ న్యాయమే వర్తింపవలెను.

మానిటరు పొడవు వెడల్పులు కంప్యూటరునకు తెలియవా యని పాఠకులు అడుగవచ్చును. తెలియును! 1994 నుండి మానిటరులలో ఇ.డి.ఐ.డి. అను చిన్న పట్టిక నుంచుట వాడుకలోనికి వచ్చినది. దాని మూలఖండము 128 బైట్లు మాత్రమే. తయారు చేసినవారి గుర్తు, నమూనా సంఖ్య, వరుస సంఖ్య, తెర వెడల్పు, ఎత్తు అందులో నుండును. లినక్సు దానిని చదువుచున్నది. ఎక్స్‌రాండ్ఆర్ అను ఆజ్ఞ నిచ్చినచో ప్రతి మానిటరు కొలతను మిల్లీమీటరులలో చూపును కూడ. చేతిలో కొలబద్ద ఉండియు కంటితో అంచనా వేయుటయే ఇచట ఆక్షేపణీయము.

ఇంటిపేరా, ఇంటి నంబరా?

రెండవనాటి వింతకు కారణము వేరు. ముందటి సాయంకాలము గది ఊడ్చుటకై అటెండరు బల్ల జరిపి, ఊడిన తీగను ప్రక్కనున్న వేరొక రంధ్రమున గ్రుచ్చెను. మానిటరు అదే. కంప్యూటరు మాత్రము దానిని కొత్త మానిటరుగా భావించినది.

ఈ విషయమున డెస్క్‌టాపులు ఒక్కొక్కటి ఒక్కొక్క త్రోవ త్రొక్కినవి. ఎక్స్‌ఎఫ్‌సీఈ తన అమరికలలో చిత్రమును తగిలించిన రంధ్రము పేరుతో వ్రాసికొనును. తెర కొక చిత్రము పెట్టుటకు ఇది సులువైన పద్ధతి. కాని రంధ్రము మారినచో చిత్రము మారును. అంతేకాదు, ఒకే రంధ్రమును ఒక డ్రైవరు హెచ్‌డీఎంఐ-1 అనియు, వేరొకటి హెచ్‌డీఎంఐ-0 అనియు పిలుచును. కావున డ్రైవరును మార్చినను చిత్రము పోవచ్చును. కేడీఈ వారి ప్లాస్మా ప్రతి తెరకును వేరువేరు చిత్రమును, వేరువేరు పద్ధతిని అనుమతించును. ఈ ఔదార్యము మెచ్చదగినది. కాని అది తెరలను 0, 1, 2 అని వరుస సంఖ్యలతో గుర్తుంచుకొనుటచే, వరుస తప్పినప్పుడు చిత్రములు తారుమారగుచుండెను. 2023 ఫిబ్రవరిలో వెలువడిన 5.27 రూపములో బహుతెరల ఏర్పాటును చాలవరకు తిరుగవ్రాసిరి. తప్పును గుర్తించి దిద్దుకొనుటను గౌరవింపవలెను.

గ్నోమ్ వారి మార్గము మరొకటి. వారి అమరికల పుటలో చిత్రమొక్కటే. తెర కొక చిత్రమును కోరుటకు అచట చోటు లేదు. బొమ్మను తెరలన్నిటిమీద పరచు ఏర్పాటు లోపల ఉన్నను, మామూలు పుటలో అది కనబడదు. అందుచేత హైడ్రాపేపర్ వంటి ఉపకరణములు పుట్టినవి. అవి వేరువేరు బొమ్మలను కుట్టి ఒక్క పెద్ద బొమ్మగా చేసి, దానిని పరచును. దర్జీ నేర్పు మెచ్చదగినదే. కాని చొక్కాకు రెండవ చేయి కుట్టకుండుట నిరాడంబరత అనిపించుకొనదు. ఇక ఫే అను చిన్న ప్రోగ్రాము అడిగినంత చేయును, ఎక్కువ చేయదు. తెర తెరకును విడిగా నింపవలెనా, గోడనంతను కప్పవలెనా అను నిర్ణయమును మనకే విడుచును. ఎరిగినవారికి అది హాయి. ఎరుగనివారికి అది నల్లని తెరమీద మెరయు ఒక గీత మాత్రమే.

మనిషిని ఇంటి నంబరుతో గుర్తించినచో, ఇల్లు మారిన నాడు అతడు పరాయివాడగును. మానిటరును రంధ్రముతోనో వరుస సంఖ్యతోనో గుర్తించుట అటువంటిదే. దాని ఇంటిపేరు ఇ.డి.ఐ.డి. పట్టికలో నున్నది.

కొత్త ఏర్పాటు, పాత చిక్కు

2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ ప్రారంభించిన వేలాండ్ ఏర్పాటులో ఉమ్మడి మూలకిటికీ లేదు. ప్రతి తెరయు విడిగా వర్ణింపబడును. తయారీ, నమూనా, మిల్లీమీటరులలో కొలత అన్నియు ప్రోగ్రాములకు అందును. కావున నది తెగకుండుటకు కావలసిన జ్ఞానమంతయు ఇచట సిద్ధముగా నున్నది. అయితే ఉమ్మడి గోడతోపాటు ఉమ్మడి ఒప్పందమును పోయినది. తెరవెనుక బొమ్మకు ఒక పొరను కేటాయించు నిబంధన నొకదానిని స్వే మొదలగునవి పాటించుచున్నవి, గ్నోమ్ పాటింపదు. ఒక డెస్క్‌టాపునకై వ్రాసిన వాల్‌పేపరు ప్రోగ్రాము వేరొకదానియందు పనికిరాకపోవుట అందువలననే.

న్యాయముగా రెండు మాటలు చెప్పవలెను. ఈ చిక్కు లినక్సునకే పరిమితము కాదు. విండోసులో తెర కొక చిత్రము పెట్టు సదుపాయము 2012లో వచ్చిన 8వ రూపముతో గాని రాలేదు. రెండవది, ఇ.డి.ఐ.డి. పట్టిక సత్యహరిశ్చంద్రుడు కాదు. కొన్ని మానిటరులలో వరుస సంఖ్య సున్నగా నుండును. ప్రొజెక్టరునకు నిర్ణీతమైన తెర కొలత లేదు కావున అచట సున్న వ్రాయుట నియమమే. అట్టి చోట్ల రంధ్రము పేరును ఆశ్రయింపక తప్పదు. కాని మొదట ఇంటిపేరు అడిగి, అది దొరకనప్పుడే ఇంటి నంబరు చూడవలెను గదా!

తరగతిగదిలో

ప్రొజెక్టరు ప్రస్తావన వచ్చినది కావున ఉపాధ్యాయులకు సంబంధించిన మాట ఒకటి. కొత్త తెర తగిలినప్పుడు దానిమీద ఏ చిత్రము రావలెను? పాత తెరమీదిదే వచ్చినచో, ఇంటిలో పెట్టుకొన్న కుటుంబ చిత్రము నలుబదిమంది విద్యార్థుల యెదుట గోడమీద ఆరడుగుల ఎత్తున ప్రత్యక్షమగును. సాదా రంగు వచ్చినచో ఎవరికిని ఇబ్బంది లేదు. అడుగకుండ చేయు పనులలో, తక్కువ హాని కలిగించునది ఏదో అదియే చేయుట మర్యాద. ఈ మర్యాదను డెస్క్‌టాపు రచయితలు ఆలోచింపవలెను.

అంతవరకు మన జాగ్రత్తలు మనము తీసికొనవచ్చును. తీగకును, రంధ్రమునకును ఒకే రంగు కాగితపు ముక్క అంటించుడు. పాఠమునకై కంప్యూటరులో వేరొక ఖాతా తెరచి, అందులో సాదా చిత్రము నుంచుడు. ఒక పటమును రెండు తెరలమీద పరుపవలెనన్నచో, దానిని బొమ్మలు దిద్దు ప్రోగ్రాములో మీరే రెండు ముక్కలు చేయుడు. మా తెరల విషయమున, ఒక సెంటీమీటరు పటమునకు ఎడమ ముక్కలో 36, కుడి ముక్కలో 64 చుక్కలు కేటాయించితిని. రెండు మానిటరుల చట్రములు కలిసి రెండు సెంటీమీటరులు ఆక్రమించుచున్నవి. కావున ఆ మేరకు పటమును కత్తిరించి విడిచితిని. చట్రము వెనుక నది దాగి పారినట్లు కనబడుటకు అదియే ఉపాయము.

ఈ లెక్కను వేసినది ఆనాడు "నేనేమీ ముట్టుకోలేదండి" అన్న విద్యార్థియే. స్కేలు పట్టి తెరలు కొలిచి, గుణించి, ముక్కలు కత్తిరించెను. ఇప్పుడు మా ప్రయోగశాలలో కృష్ణ ఒకే ఎత్తున, ఒకే వెడల్పున రెండు తెరలను దాటి సముద్రమున కలియుచున్నది. ఒక విద్యార్థి ఒక గంటలో వేసిన లెక్కను కంప్యూటరు తానై వేయకుండుటకు తగిన కారణము నాకు కనబడదు. కొలతలు దానియొద్దనే ఉన్నవి, గుణకారము దానికి వచ్చును. ఇక కావలసినది ఆ పని తనదే యని డెస్క్‌టాపు రచయితలు అంగీకరించుట మాత్రమే.