మైదానం అడిగే కాగితం

మరమగ్గాల ఊరు భివండీలో ఖాళీ జాగా కనబడితే అక్కడ లారీ ఆగుతుంది, లేదంటే నూలు బస్తాలు దిగుతాయి. ఇంటికీ సాంచెల (మరమగ్గాల) షెడ్డుకూ నడుమ ఒక్క గోడే ఉన్న వాడల్లో పిల్లలు పరుగెత్తాలంటే ఊరి మైదానమే దిక్కు. శుక్రవారం సాంచెలు ఆగుతాయి. 12 గంటల పాళీ చేసే పోరగాళ్ళకు ఒళ్ళు విరిచి ఆడుకునే రోజు అదొక్కటే. ఇక్కడి పద్మానగర్‌ తెలుగు కుర్రాళ్ళు క్రికెట్ టోర్నమెంటు తలపెడితే బ్యాటు కంటే ముందు కాగితం వెతుకుతారు. "కాకా, గ్రౌండ్ కావాలె, జర అర్జీ రాసియ్యి" అని నా దగ్గరికొస్తారు.

అర్జీ మరాఠీలో ఉండాలి. పైన మాననీయ ఆయుక్త (కమిషనర్) సాహెబ్‌కు సంబోధన, దాని కింద 'విషయ్: మైదాన్ వాపరణ్యాస్ పరవానగీ మిళణేబాబత్', అంటే మైదానం వాడుకోవడానికి అనుమతి గురించి. ఈ రెండు వరుసలూ ఎవరైనా రాస్తారు. పనితనమంతా ఆ తర్వాతే. కుర్రాళ్ళు తరచుగా "మేం గరీబోళ్ళం, దయ చూపండి" అని రాయమంటారు. ఆ మాట నేను రాయను. మైదానం ఊరందరిదీ, అడిగేవాళ్ళు ఆ ఊరి బట్ట నేసేవాళ్ళు. దయ ఊసు అక్కడ అక్కర్లేదు.

సంతకం పెట్టే అధికారికి కావలసింది వేరు. పక్కింటి అద్దం పగిలితే ఎవరిని పిలవాలి? షామియానా గుంజలకు తవ్విన గుంతలు ఎవరు పూడుస్తారు? ఎన్నింటికి ఖాళీ చేస్తారు? ఆయన అడగకముందే జవాబులు కాగితం మీద ఉండాలి. మొదలయ్యే గంట అందరూ రాస్తారు, ముగిసే గంట మరచిపోతారు. నా లెక్కలో ముగిసే గంటే ముఖ్యం. మైకు పెడితే పోలీసుల అనుమతి విడిగా తీసుకోవాలి, రాత్రి 10కి ఆపాలి. బాధ్యత పడే ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు ఇవ్వాలి. రెండో ప్రతి మీద ముద్ర వేయించుకుని ఆవక్ (వచ్చిన కాగితాల) నంబరు రాయించుకోవాలి. అర్జీ అందిందనే ఆ పోచ్ (రసీదు) చేతిలో లేకపోతే మర్నాడు వెళ్ళి ఏ అర్జీ గురించి అడుగుతాం?

ఇటలీలో చదువుకుంటున్న మా మేనల్లుడు వాలీబాల్ కోసం బడి వ్యాయామశాల అడగాల్సి వచ్చి, తన ఇటాలియన్ ఉత్తరం నాకు చదివి వినిపించాడు. 'రిక్యెస్తా ది ఉతిలిద్జో దెల్లా పాలెస్త్రా' (వ్యాయామశాల వాడుకకు విన్నపం) అని పైన విషయం. కింద రోజులు, గంటలు, బాధ్యుడి పేరు, బీమా కాగితం. లిపి మారింది గానీ మన అర్జీయే. బడి వేళలు దాటాక బడి భవనాలను ఊరి పనులకు ఇవ్వవచ్చని అక్కడ 1977లోనే 517వ నంబరు చట్టం చెప్పింది. 2023లో ఏకంగా రాజ్యాంగం 33వ అధికరణలో క్రీడల విలువను గుర్తించారు.

అదే దేశంలో మొన్‌ఫాల్కోనే అనే ఓడల ఊరుంది. అక్కడ విహార నౌకలు కట్టే పనికి బంగ్లాదేశ్ నుంచి వేలమంది వచ్చారు. వాళ్ళు క్రికెట్ ఆడుకోవడానికి జాగా లేదంది పాలకవర్గం. స్థలం లేదు, డబ్బు లేదు, బంతి తగిలితే ప్రమాదం అని కారణాలు చెప్పింది. ఊళ్ళో ఆడుతూ పట్టుబడితే 100 యూరోల దాకా జరిమానా అని 2024లో వార్తలొచ్చాయి. అవి చదివి నాకు కోపం వచ్చింది. ఎంత చక్కటి ఉత్తరమైనా ఇవ్వదలచుకోని వాడి ముందు ఏం చేస్తుంది? కార్మికుడి చేతులు కావాలనుకున్న ఊరు అతని కాళ్ళకూ కాస్త నేల చూపించాలి. భివండీ అయినా, మొన్‌ఫాల్కోనే అయినా.

ఆ వార్త చదివాక అర్జీలో ఒక వరుస చేర్చాను: "ఆ తేదీ కుదరకపోతే తర్వాతి రెండు శుక్రవారాల్లో ఏదైనా ఇవ్వండి, కుదరని కారణం రాతపూర్వకంగా తెలపండి." కుర్రాళ్ళు మొదట జంకారు, సాహెబ్‌కు కోపమొస్తదేమోనని. ఇప్పుడు ఆ వరుస ఉందో లేదో వాళ్ళే చూసుకుని సంతకం పెడుతున్నారు.