ఉత్తర కథ – అభిమాని తీర్పు: ‘బాహుబలి’ రెండో భాగం, ఓరుగల్లు ప్రాంత శ్రోతృ సంప్రదాయం

వ్యాస సంగ్రహం:
ప్రసిద్ధమైన సాహస చిత్రానికి కొనసాగింపు వెలువడినప్పుడు అభిమానులు వ్యక్తం చేసే ఆనందాన్నీ, అసంతృప్తినీ కేవలం ఆవేశంగా పరిగణించడం వాడుకగా మారింది. ఆ ప్రతిస్పందనలో ఒక విమర్శ పద్ధతి ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల కథాగాన సంప్రదాయాలలోని శ్రోత స్థానాన్ని ఆధారంగా చేసుకొని, ‘బాహుబలి’ రెండు భాగాల మీద వచ్చిన స్పందనను ఋణం, ఔచిత్యం, చోటు అనే మూడు కొలతలతో పరిశీలిస్తుంది. మొదటి రెండు కొలతలలో నిక్కచ్చిగా ఉండే అభిమాని మూడో కొలతలో ఎందుకు విఫలమవుతున్నాడన్నది ఈ పరిశీలనలో ప్రధానాంశం.

కీలక పదాలు: ఉత్తర కథ, అభిమాని, శ్రోత, ఒగ్గుకథ, పటం కథ, మేడారం, ఔచిత్యం.

1. ప్రవేశిక

‘బాహుబలి: ది బిగినింగ్’ 2015 జులై 10న విడుదలైంది. ‘బాహుబలి: ది కన్‌క్లూజన్’ 2017 ఏప్రిల్ 28న వచ్చింది. ఈ రెండింటి నడుమ గడిచిన 21 నెలలకు పైగా కాలంలో “కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు?” అన్న ప్రశ్న దేశమంతటా వ్యాపించింది. రెండో భాగం 1000 కోట్ల రూపాయల వసూళ్లు దాటిన తొలి భారతీయ చిత్రంగా నమోదైంది. ఈ అంకె ముందు ప్రేక్షకుల మాట మరుగున పడింది. వసూళ్లను ప్రజాభిప్రాయానికి పర్యాయపదంగా స్వీకరించడంతో, చిత్రం చూసినవారు దేనికి సంతోషించారు, దేనిని అంగీకరించలేదు, దేనిని గమనించకుండా వదిలేశారు అన్న ప్రశ్నలు విమర్శకు అందకుండా పోయాయి.

మొదటి భాగం విడుదలైనప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలు వరంగల్ జిల్లాలో ఉండేవి. రెండో భాగం వచ్చేనాటికి, 2016 అక్టోబర్ 11 నాటి పునర్వ్యవస్థీకరణతో, అవి మూడు జిల్లాల కేంద్రాలయ్యాయి. హద్దులు మారినా ఈ ప్రాంతాలను కలిపి ఉంచే సాంస్కృతిక సూత్రాలలో కథను రాత్రుల తరబడి వినే అలవాటు ఒకటి. కొనసాగింపు కథను అర్థం చేసుకోవడానికి ఆ అలవాటు సరైన నేపథ్యాన్ని సమకూరుస్తుంది.

2. ఉత్తర కథ: తెలుగు నేపథ్యం

‘సీక్వెల్’ అన్న మాట కొత్తదైనా, ఒక కథకు తరువాతి భాగం రావడం, దానిని మరొకరు పూర్తి చేయడం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపిన భారతాన్ని తిక్కన విరాటపర్వం నుంచి కొనసాగించాడు. మిగిలిపోయిన భాగాన్ని తరువాతి కాలంలో ఎఱ్ఱన పూరించి, దానిని నన్నయ ఆశ్రయదాత రాజరాజనరేంద్రునికే అంకితం చేశాడు. మొదటి కవి శైలితో ఆరంభించి రెండో కవి శైలికి చేరువ కావడం ఎఱ్ఱన ప్రత్యేకతగా సాహిత్య చరిత్రకారులు గుర్తించారు. కొనసాగించేవాడు తనకు ముందున్నవాడికి బద్ధుడై ఉండాలన్న నియమం ఇందులో ఇమిడి ఉంది.

జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని బమ్మెర గ్రామాన్ని పోతన స్వస్థలంగా భావిస్తారు. ఆయన పేర ప్రసిద్ధమైన భాగవతంలోని అన్ని స్కంధాలూ ఆయన రచనలు కావు. పంచమ స్కంధాన్ని గంగన, షష్ఠ స్కంధాన్ని ఏర్చూరి సింగన, ఏకాదశ ద్వాదశ స్కంధాలను వెలిగందల నారయ రచించారు. పాఠకులు ఈ పూరణలను స్వీకరించారు. అయితే పోతన పద్యాలతో సమానంగా కంఠస్థం చేయలేదు. స్వీకరించడం వేరు, తలకెత్తుకోవడం వేరు. ఈ తేడాను పాఠకులు ఏ శాస్త్రమూ చదవకుండానే పాటించారు.

ఉత్తర కథ పట్ల ప్రజల మనసు ఎప్పుడూ ఒకేలా లేదు. రామ పట్టాభిషేకంతో కథ ముగియాలని కోరుకునేవారికి సీతా పరిత్యాగం మింగుడుపడని ఘట్టం. అయినా తిక్కన ‘నిర్వచనోత్తర రామాయణం’ రాశాడు, కంకంటి పాపరాజు ‘ఉత్తర రామాయణం’ రాశాడు. 1934లోనూ 1963లోనూ వచ్చిన ‘లవకుశ’ చిత్రాలు ప్రజాదరణ పొందాయి. నచ్చని సంఘటన ఉన్న కథను కూడా జనం తమదిగా చేసుకోగలరనడానికి ఇది నిదర్శనం. తరువాతి కథ వారికి సుఖాన్ని ఇవ్వకపోయినా సమాధానం మాత్రం ఇవ్వాలి.

3. ఓరుగల్లు ప్రాంత శ్రోత

ఒగ్గుకథ శ్రోతకు మల్లన్న కథ, బీరప్ప కథ ముందే తెలుసు. కాబట్టి అతడు కూర్చునేది ‘ఏమి జరిగింది’ అని తెలుసుకోవడానికి కాదు. ప్రధాన కథకుడు ఒక మాట అంటే వంతగాడు దానిని అందుకుంటాడు, ప్రశ్నిస్తాడు, హాస్యమాడతాడు. ఆ వంతగాడు ఒక విధంగా శ్రోతకు ప్రతినిధి. వినేవారి సందేహం ప్రదర్శన లోపలే ధ్వనిస్తుంది. జనగామ జిల్లా మాణిక్యపురానికి చెందిన చుక్క సత్తయ్య (మరణం 2017) ఈ కళను గ్రామం ఎల్లలు దాటించి విస్తృత వేదికలకు చేర్చారు.

జనగామకు పొరుగున ఉన్న చేర్యాల నకాషీ చిత్రకారులు పొడవాటి పటాలపై కథను అంతస్తులుగా చిత్రిస్తారు. పటం కథకులు ఒక్కో కులానికి దాని మూలకథను వినిపిస్తారు. కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథను, మందెచ్చులవారు గొల్లలకు కాటమరాజు కథను, డక్కలివారు మాదిగలకు జాంబపురాణాన్ని, కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణాన్ని చెబుతారు. కాటమరాజు కథ ఒకే కథ కాదు, తరాల వారీగా విస్తరించిన కథాచక్రం. ఇక్కడ కథ వినడం ఒక హక్కు, కథ చెప్పించుకోవడం ఒక బాధ్యత. వంశం పేరు తప్పినా, వీరుని గుణం మారినా అది తమ పూర్వీకులకు జరిగిన అపచారమవుతుంది.

ఈ శ్రోతకూ సినిమా అభిమానికీ పోలిక ఉంది, తేడా కూడా ఉంది. ఇద్దరూ తమను కథకు కాపలాదారులుగా భావిస్తారు. అయితే శ్రోత మాట ప్రదర్శన సాగుతుండగానే కథకునికి చేరుతుంది. అభిమాని మాట చిత్రం పూర్తయి, టికెట్టు తెగిన తరువాతే వినిపిస్తుంది. కొనసాగింపు చిత్రాల విషయంలో అభిమానుల గొంతు అంత పెద్దదిగా ఉండటానికి ఈ ఆలస్యం ఒక ముఖ్య కారణం. రెండు భాగాల మధ్య విరామం మాత్రమే వారికి దొరికే ఏకైక వంత.

4. మొదటి కొలత: ఋణం

మొదటి భాగం ప్రశ్నతో ముగిస్తే రెండో భాగం ప్రేక్షకునికి ఋణపడుతుంది. కట్టప్ప ప్రశ్న విషయంలో ఈ అప్పు తీరిన తీరు గమనించదగింది. శివగామి ఆజ్ఞ, సింహాసనానికి కట్టప్ప వంశం బానిసగా చేసిన ప్రతిజ్ఞ, బిజ్జలదేవ భల్లాలదేవుల కుట్ర కలిసి హత్యకు కారణమయ్యాయి. ఇందులో రహస్యం చిన్నది, విషాదం పెద్దది. ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు దొరికిన జవాబు ఒక మలుపు కాదు, ఒక స్వభావం. ధర్మం తెలిసీ ఆజ్ఞకు లోబడిన సేవకుని స్థితి భీష్మ ద్రోణుల కథ తెలిసిన ప్రేక్షకునికి అపరిచితం కాదు. రెండు సంవత్సరాల ఊహాగానాల తరువాత కూడా ఆ జవాబు చప్పగా తోచకపోవడానికి ఈ పరిచయమే కారణం.

‘కార్తికేయ’ (2014), ‘కార్తికేయ 2’ (2022) చిత్రాల మధ్య ఇటువంటి ఋణం లేదు. మొదటి దానిలోని గుడి రహస్యం అందులోనే తీరిపోతుంది. రెండో దానికి మిగిలింది నాయకుని జిజ్ఞాస మాత్రమే. అందువల్ల అభిమాని అక్కడ అడిగింది జవాబు కాదు, పాత మనిషి కొత్త అన్వేషణ. ఉత్తర కథలు అన్నీ ఒకే రకం కావని, వాటి మీద వచ్చే స్పందనను ఒకే త్రాసులో తూచరాదని ఈ పోలిక సూచిస్తుంది.

5. రెండో కొలత: ఔచిత్యం

క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణంగా చెప్పిన ఔచిత్యం అభిమానుల వాదాలలో పేరు లేకుండా పనిచేస్తుంది. హాలీవుడ్ ‘ఇండియానా జోన్స్’ పరంపర దీనికి చక్కని ఉదాహరణ. 1981 నాటి తొలి చిత్రంలో పవిత్ర మందసం తెరవగానే శత్రువులు కరిగిపోతే ప్రేక్షకులు నమ్మారు. 2008 నాటి నాలుగో చిత్రంలో నాయకుడు ఫ్రిజ్‌లో దాక్కొని అణు విస్ఫోటనం నుంచి బయటపడితే చాలామంది అభిమానులు నవ్వుకున్నారు. రెండూ అసంభవాలే. మొదటిది కథ తనకు తాను విధించుకున్న నియమానికి లోబడింది, దైవశక్తిని ధిక్కరించినవారు నశించారు. రెండోది దెబ్బ తగిలితే నొప్పి పడే నాయకుని స్వభావాన్ని ఉల్లంఘించింది. మొదటి నాలుగు చిత్రాలకు దర్శకుడు స్పీల్‌బర్గ్ కాగా 2023 నాటి ఐదో చిత్రాన్ని జేమ్స్ మ్యాన్‌గోల్డ్ తీశాడు. చెయ్యి మారినప్పుడు వచ్చిన చర్చ ఎఱ్ఱన ఎదుర్కొన్న సమస్యను గుర్తుకు తెస్తుంది.

‘బాహుబలి’ రెండో భాగం పతాక సన్నివేశంలో వంచిన తాటిచెట్ల సాయంతో సైనికులు కోటగోడలు దాటడాన్ని కొందరు ఎగతాళి చేశారు. అయితే శివలింగాన్ని భుజాన మోసి జలపాతం కిందికి తెచ్చిన శివుణ్ణి మొదటి భాగంలో కొనియాడిన ప్రేక్షకులు కూడా వారిలో ఉన్నారు. ఆ తొలి ఘట్టంలో బలం తల్లి మొక్కు తీర్చడానికి వినియోగమైంది. భావం బలాన్ని మోసింది. తాటిచెట్ల ఘట్టంలో ఉపాయం ఉంది గాని దానికి ముందు ఏర్పడిన భావబంధం లేదు. జానపద కథలో అతిశయోక్తి దోషం కాదు, ఆలంబనం లేని అతిశయోక్తి దోషం. ఈ తేడాను అభిమానులు పరిభాష లేకుండానే పట్టుకున్నారు.

6. మూడో కొలత: చోటు

తరువాతి భాగంలో ఎవరికి చోటు దక్కింది, ఎవరికి దక్కలేదు అన్నది మూడో కొలత. అభిమానుల కాపలా బలహీనపడేది ఇక్కడే. మొదటి భాగంలో అవంతిక ఒక తిరుగుబాటు దళ యోధురాలు. శివుడు ఆమె అనుమతి లేకుండా ఆమెను అలంకరించే ఘట్టంపై 2015లోనే తీవ్రమైన అభ్యంతరాలు వచ్చాయి. రెండో భాగంలో ఆమె దాదాపు కనిపించదు. 2025 అక్టోబర్ 31న రెండు భాగాలనూ కలిపి ‘బాహుబలి: ది ఎపిక్’ పేరుతో విడుదల చేసినప్పుడు ఆమె ప్రణయ ఘట్టాలను, కొన్ని పాటలను నిడివి కోసం తొలగించారు. అభ్యంతరానికి కథలో సమాధానం దొరకలేదు, పాత్రే తగ్గిపోయింది. దేవసేన ఆత్మగౌరవాన్ని వేనోళ్ల పొగిడిన అభిమాన లోకంలో అవంతికకు జరిగిన లోటు పెద్దగా ప్రశ్న కాలేదు.

కాలకేయుల విషయం ఇంకా లోతైనది. వారికి ‘కిలికి’ అనే భాషను ప్రత్యేకంగా కల్పించారు, కాని వారికి కథను ఇవ్వలేదు. నల్లని దేహాలతో, క్రూరమైన చేష్టలతో వచ్చిన ఆ సమూహం యుద్ధంలో ఓడిపోయి ఉత్తర కథ నుంచి మాయమైంది. ఓడినవారు ఎక్కడివారు, ఎందుకు వచ్చారు, ఏమయ్యారు అన్న ప్రశ్న కట్టప్ప ప్రశ్నలా ఏ నోటా పలకలేదు.

ఈ మౌనాన్ని మేడారం పక్కన నిలిపి చూస్తే దాని బరువు తెలుస్తుంది. 2016 నుంచి 2019 వరకు భూపాలపల్లి జిల్లాలోనూ, ఇప్పుడు ములుగు జిల్లాలోనూ ఉన్న మేడారంలో రెండేళ్లకొకసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. ఐతిహ్యం ప్రకారం కప్పం కట్టలేని కోయల మీదికి కాకతీయ సైన్యం దండెత్తింది. వెనుక నుంచి బల్లెం పోటుకు గురైన సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి అదృశ్యమైంది, అక్కడ కుంకుమ భరిణ దొరికింది. ఇక్కడ కూడా వెన్నుపోటు ఉంది. కాని పొడిచినవాడు ఎవరు, ఎందుకు పొడిచాడు అన్నది జాతరకు కేంద్రం కాదు. ఆమె తిరిగి రావడమే కేంద్రం. చిలకలగుట్ట నుంచి సమ్మక్క, కన్నెపల్లి నుంచి సారలమ్మ, మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు గద్దెలకు చేరుతారు. చిన్న పాత్ర అనిపించే ప్రతి ఒక్కరికీ ఒక ఊరు, ఒక దారి, ఒక రాక ఉన్నాయి. కథ రెండేళ్లకొకసారి కొనసాగుతుంది, ఎవరినీ వదిలిపెట్టదు.

సినిమాలో ఉత్తర కథ విజేత వంశవృక్షాన్ని పెంచుతుంది. మేడారంలో ఉత్తర కథ ఓడినవారి స్మృతిని నిలుపుతుంది. ఒకే ప్రాంతపు జనం రెండింటికీ ప్రేక్షకులు కాగలరు. కానీ రెండో చోట ఉన్న న్యాయదృష్టి మొదటి చోటికి చేరలేదు. అభిమానం నాయకునికి అంకితం కావడం, శ్రోతృత్వం సమూహానికి అంకితం కావడం దీనికి కారణం. అభిమాని నాయకుని గుణానికి భంగం కలిగితే మేల్కొంటాడు. మిగిలినవారి చోటుకు భంగం కలిగితే నిద్రపోతాడు.

7. ముగింపు

కొనసాగింపు చిత్రాలపై అభిమానుల స్పందన విమర్శకు ముడిసరుకు మాత్రమే కాదు, అది స్వయంగా విమర్శే. ఋణం తీరిందా అని అడగడంలో, ఔచిత్యం నిలిచిందా అని చూడటంలో అభిమానులు చూపే నిశితత్వం ఈ ప్రాంతాలలో తరతరాలుగా సాగిన కథాశ్రవణానికి దగ్గరి బంధువు. దానిని వెర్రిగా కొట్టివేసే విమర్శ తన పాఠకులనే కొట్టివేస్తుంది.

అదే సమయంలో ఆ విమర్శకు లోపం కూడా ఉంది. పటం కథలో ప్రతి కులానికీ తన కథ చెప్పే గొంతు ఉండేది. ఆ గొంతులకు ఆదరణ తగ్గి, రాత్రుల తరబడి వినే జనం చెదిరిపోతున్న కాలంలో సాహస చిత్రాల పరంపర ఆ ఖాళీలో కూర్చుంది. అది కథను ఇచ్చింది గాని వంతగాని స్థానాన్ని ఇవ్వలేదు. ఆ స్థానాన్ని అభిమానులు తామే తీసుకోవలసి ఉంది. కట్టప్ప ఎందుకు చంపాడని 21 నెలలు అడగగలిగిన సమాజానికి, అవంతిక ఏమైంది, కాలకేయులు ఎవరు అని అడగడం కష్టం కాదు. ఆ ప్రశ్నలు వినిపించిన రోజున ఉత్తర కథ రాసేవారు విజేత ఇంటి ముందు మాత్రమే ఆగిపోలేరు.