బొడ్రాయి మార్చే విద్య

మొన్నటి సెమిస్టర్‌లో ఒక సాయంత్రం మా మేనకోడలు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చింది. మేడ్చల్ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. కండ్లకోయ నుంచి మైసమ్మగూడ దాకా పొద్దున్నే కాలేజీ బస్సులు బారులు తీరుతాయి. ఆ బస్సుల్లో ఒకదాంట్లో వెళ్లే ఈసీఈ పిల్ల. తన చేతిలోది రెండు జీబీల మెమరీ ఉన్న పాత యంత్రం. విండోస్ మోయలేక మొరాయిస్తుంటే నేనే దాంట్లో ఆల్పైన్ లినక్స్ వేసిచ్చాను. అప్పటి నుంచి చక్కగా నడుస్తోంది. ఇప్పుడు వచ్చిన చిక్కల్లా డిజిటల్ సర్క్యూట్లను రాసే వెరిలాగ్ భాష ల్యాబులో వాడే సిమ్యులేటర్‌తో. అది 32 బిట్ల కాలంలో కట్టిన పాత సాఫ్ట్‌వేర్. ఇంట్లో సాధన చేద్దామని తెచ్చుకుని నడపబోతే యంత్రం ఒకే మాట అంటోంది: ‘నాట్ ఫౌండ్’.

“మామా, ఫైలు ఈడనే ఉన్నది. పేరు కూడ చూపిస్తున్నది. మల్ల లేదంటదేంది?” అంది.

మంచి ప్రశ్న. దీనికి జవాబు తెలిస్తే సీహెచ్‌రూట్ అనే పనితనం సగం అర్థమైనట్టే.

బయటి లైబ్రరీలు వాడుకునే ప్రతి ప్రోగ్రాము తన తలభాగంలో ఒక చిరునామా రాసి ఉంచుకుంటుంది. నన్ను లేపే ముందు ఫలానా చోట ఉన్న ఫలానా లోడరును పిలవండి అని. ప్రోగ్రాముకు కావలసిన లైబ్రరీలన్నీ వెతికి తెచ్చి, ముడివేసి, పనిలోకి దింపేది ఆ లోడరే. మామూలు లినక్స్‌లలో జీలిబ్‌సీ అనే లైబ్రరీ ఉంటుంది. 32 బిట్ల ప్రోగ్రాములకు దాని లోడరు లిబ్ ఫోల్డరులో ‘ఎల్‌డీ-లినక్స్’ పేరుతో కూర్చుని ఉంటుంది. ఆల్పైన్‌లో జీలిబ్‌సీ లేదు. దాని స్థానంలో 2011లో రిచ్ ఫెల్కర్ విడుదల చేసిన మజిల్ అనే చిన్న లైబ్రరీ ఉంది. దాని లోడరు పేరు వేరు, పద్ధతి వేరు. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ ఆ చిరునామాకు వెళ్లి చూసింది, అక్కడ ఎవరూ లేరు. లేనిది ప్రోగ్రాము కాదు, ప్రోగ్రామును లేపే మనిషి. మన ఆదేశాలు అందుకునే షెల్‌కు ఆ తేడా చెప్పే మాట లేక ‘లేదు’ అని ఊరుకుంది.

ఇందులో ఆల్పైన్ తప్పేమీ లేదు. డిస్కు మీద కనీస ఇన్‌స్టలేషన్‌కు 130 ఎంబీలు చాలంటే ఆ తేలికదనం ఇలాంటి ఎంపికల వల్లే వచ్చింది. ఆ తేలికదనమే ఈ పాత యంత్రానికి ప్రాణం పోసింది. దాన్ని పోగొట్టుకోకుండా పాత సిమ్యులేటర్‌ను నడపాలి. జీలిబ్‌సీ ముక్కలను ఏరి తెచ్చి ఆల్పైన్‌లో అక్కడక్కడా అతికిస్తే ఈ రోజు నడిచినా రేపటి అప్‌డేట్‌కు ఏది ఎక్కడ విరుగుతుందో తెలియదు. వర్చువల్ మెషీన్ పెడితే రెండు జీబీల్లో సగం దానికే పోతుంది. మిగిలిన దారి సీహెచ్‌రూట్.

మా వైపు ప్రతి ఊరికీ ఒక బొడ్రాయి ఉంటుంది. ఊరు పుట్టిననాడు నడిమధ్యన పాతిన నాభిశిల అది. ఊరి లెక్కంతా అక్కడి నుంచే. 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడ్డప్పుడు రంగారెడ్డి జిల్లా అని రాసుకున్న మా వైపు చిరునామాలన్నీ మారాయి. శామీర్‌పేట వైపు అవుటర్ రింగ్ రోడ్డు వచ్చింది, గేటెడ్ కాలనీలు వచ్చాయి. పాత ఊరిలో మాత్రం బొడ్రాయి దగ్గర నిలబడి చూస్తే కుమ్మరి వాడ ఎటో, చెరువు కట్ట ఎటో ఇప్పటికీ చెప్పొచ్చు.

లినక్స్‌లోనూ ఒక బొడ్రాయి ఉంది. ఒక్క ఏటవాలు గీత, అంతే దాని రూపం. దాన్ని రూట్ అంటారు. ‘లిబ్’ అన్నా ‘హోమ్’ అన్నా ‘టెంప్’ అన్నా ఏ దారయినా ఆ గీత నుంచే మొదలవుతుంది. ఆ రూట్ ఎక్కడుందో కెర్నెల్ ప్రతి ప్రాసెస్‌కూ విడిగా గుర్తుపెట్టుకుంటుంది. సీహెచ్‌రూట్ చేసేది ఈ ఒక్క గుర్తును మార్చడమే. ఇకపై నీ బొడ్రాయి ఇది అని ఒక ఫోల్డరును చూపిస్తుంది. ఆ క్షణం నుంచి ఆ ప్రోగ్రాముకూ, దాని పిల్లలకూ ఆ ఫోల్డరే ఊరు. పైకి వెళ్లమని రెండు చుక్కలు కొట్టినా అక్కడే తిరుగుతుంది. బయట ఇంకో ఊరుందన్న సంగతి దాని దారుల్లో ఎక్కడా ఉండదు.

కెర్నెల్‌లో ఈ పని చేసే ఫంక్షన్ మొత్తం ఒక్క తెరలో పట్టేస్తుంది. చూపించిన చోటు నిజంగా ఫోల్డరేనా, అందులోకి వెళ్లే అనుమతి ఉందా అని చూస్తుంది. అడిగినవాడికి రూట్ మార్చే అధికారం ఉందా అని చూస్తుంది. భద్రతా మాడ్యూల్‌ను ఒక మాట అడుగుతుంది. తర్వాత గుర్తు మార్చేస్తుంది. అంతకు మించి ఏమీ లేదు. 1979 నాటి యూనిక్స్ ఏడో వెర్షన్‌లోనే ఈ పిలుపు ఉంది. అంటే దీనికి నలభై ఐదేళ్లు దాటాయి. ఇన్నేళ్లలో కంప్యూటర్లు ఎన్ని రూపాలు మార్చుకున్నా దీని అర్థం మారలేదు. చిన్నగా, ఒకే పని చేసేలా కట్టిన పనిముట్టు ఎంత కాలం నిలుస్తుందో దీన్ని చూస్తే తెలుస్తుంది.

బొడ్రాయి చూపిస్తే చాలదు, చుట్టూ ఊరు కూడా ఉండాలి. ఆ ఊరిని కట్టేది డీబూట్‌స్ట్రాప్. ఆల్పైన్ ప్యాకేజీల్లో అదీ దొరుకుతుంది. జీలిబ్‌సీ ఉన్న మరో లినక్స్, 32 బిట్ల డెబియన్ కావాలని, ఏ వెర్షన్ కావాలో, ఏ ఫోల్డరులో కట్టాలో చెప్పి వదిలేస్తే తన పని తాను చేసుకుపోతుంది. ఇదేదో పెద్ద యంత్రాంగం అనుకుంటారు కానీ అంతా షెల్ స్క్రిప్టే. ముందు డెబియన్ సర్వర్ నుంచి జాబితా తెచ్చి దాని మీది డిజిటల్ సంతకం సరిచూస్తుంది. తప్పనిసరి ప్యాకేజీలను ఒక్కొక్కటే దించుకుంటుంది. డెబియన్ ప్యాకేజీ లోపల ఉండేది పాతకాలపు ఆర్కైవ్ మూటే కాబట్టి డెబియన్ లేని యంత్రం మీద కూడా విప్పగలదు. అలా విప్పి పరిచాక తనే ఆ ఫోల్డరులోకి సీహెచ్‌రూట్ చేసి, లోపలున్న డెబియన్ పనిముట్లతోనే మిగతా ఏర్పాటు పూర్తి చేయిస్తుంది. గోడలు లేచేదాకా బయటి నుంచి, లేచాక లోపలి నుంచి పని. నేను ఈ ఘట్టాన్ని ఎన్నోసార్లు చూశాను, ఇప్పటికీ తెర మీద నుంచి కళ్లు తిప్పను.

తర్వాత వచ్చేది అసలు నైపుణ్యం. వేరు చేయడం తేలిక. ఏది వేరుగా ఉండాలి, ఏది ఉమ్మడిగా ఉండాలి అన్నది తేల్చడంలోనే చేయి తిరిగినతనం కనిపిస్తుంది. లైబ్రరీలు వేరు, అందుకోసమే కదా ఇదంతా. కానీ కెర్నెల్ ఒక్కటే. ప్రాసెస్‌ల వివరాలిచ్చే ‘ప్రాక్’, పరికరాలుండే ‘డెవ్’, ‘సిస్’ లోపల కూడా కనిపించాలి. దీనికి బైండ్ మౌంట్ అనే ఏర్పాటు ఉంది. ఒకే ఫోల్డరుకు రెండో గుమ్మం తెరవడం లాంటిది. నకలు కాదు, అసలుదే రెండు చోట్ల నుంచి కనిపిస్తుంది. హోమ్ ఫోల్డరుకూ అలాగే గుమ్మం తెరిస్తే పిల్ల రాసుకున్న వెరిలాగ్ ఫైళ్లు అటూ ఇటూ మోసే పని లేదు. ఆల్పైన్ ఎడిటర్‌లో రాసి భద్రపరిస్తే మరుక్షణం డెబియన్ సిమ్యులేటర్‌కు అందుతుంది.

ఇక్కడ మరిచిపోకూడని చిన్న సంగతి ఒకటుంది. కెర్నెల్‌కు మనుషుల పేర్లు తెలియవు, నంబర్లే తెలుసు. బయట తన యూజర్ నంబరు 1000 అయితే లోపల సృష్టించే యూజరుకూ అదే నంబరు ఇవ్వాలి. పేరు ఏది పెట్టినా ఫరవాలేదు. నంబరు తప్పితే తన ఫైళ్లే తనకు పరాయివవుతాయి.

విండో తెర మీదికి రావాలంటే? లినక్స్‌లో బొమ్మ గీసే ఎక్స్ సర్వర్ వేరు, గీయమని అడిగే ప్రోగ్రాము వేరు. రెండూ ‘టెంప్’ ఫోల్డరులో ఉండే ఒక సాకెట్ ద్వారా మాట్లాడుకుంటాయి. కాబట్టి టెంప్‌కూ ఒక గుమ్మం తెరిచి, ఏ తెర మీద గీయాలో డిస్‌ప్లే వేరియబుల్‌లో చెబితే చాలు. సర్వర్ జీలిబ్‌సీతో కట్టారా, మజిల్‌తో కట్టారా అని సిమ్యులేటర్ అడగదు. వాళ్లిద్దరి మధ్య నడిచేది ప్రోటోకాల్ భాష ఒక్కటే.

ఇంకా రెండు అడ్డంకులు వచ్చాయి. సిమ్యులేటర్ ఇన్‌స్టాలర్ యంత్రాన్ని ‘నువ్వెవరు’ అని అడిగితే కెర్నెల్ నిజాయితీగా 64 బిట్లని చెప్పింది, ఇన్‌స్టాలర్ వెనక్కి తగ్గింది. సీహెచ్‌రూట్‌కు ముందు ‘లినక్స్32’ అన్న మాట చేర్చితే ఆ ప్రాసెస్‌కు మాత్రం 32 బిట్ల యంత్రమని జవాబొస్తుంది. రెండోది అక్షరాలు గీసే ఫ్రీటైప్ లైబ్రరీ. డెబియన్‌లో ఉన్నది ఈ సిమ్యులేటర్‌కు మరీ కొత్తది. పాత 2.4 తరం ఫ్రీటైప్‌ను సోర్స్ నుంచి కట్టి, సిమ్యులేటర్ పక్కనే ఒక ఫోల్డరులో ఉంచి, లైబ్రరీలు వెతికేటప్పుడు ముందు ఇక్కడ చూడమని దారి చెప్పాం. రాత్రి పదిన్నరకు తెర మీద వేవ్‌ఫామ్ విండో తెరుచుకుంది. క్లాక్ గీత మెట్లు మెట్లుగా కదిలింది. పిల్ల ముఖం వెలిగిపోయింది.

ఇంత చేసినా మెమరీ మీద పడ్డ బరువు సిమ్యులేటర్‌దే. రెండో కెర్నెల్ లేదు, నకిలీ హార్డ్‌వేర్ లేదు. లోపలి ప్రోగ్రాములు కూడా కెర్నెల్‌కు మామూలు ప్రాసెస్‌లే. వేగంలో తేడా కనిపించదు. వేరే ఊరి పాత ప్రోగ్రాములు ఇలా ఇదే కెర్నెల్ మీద నడవడం వెనుక లినక్స్ కెర్నెల్ నిర్మాతలు కట్టుబడ్డ ఒక నియమం ఉంది. కెర్నెల్ ఎంత మారినా పాత ప్రోగ్రాములు పిలిచే పిలుపులు చెడగొట్టకూడదని లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ పట్టుబడతారు. ఆ మాట నిలబడుతోంది కాబట్టే కొత్త కెర్నెల్ మీద పాత ఊరు కాపురం చేయగలుగుతోంది. తిరగేస్తే మాత్రం కష్టం. 2017 నాటి జీలిబ్‌సీ 2.26 నుంచి కనీసం 3.2 కెర్నెల్ ఉండాలి. అంతకన్నా పాత కెర్నెల్ మీద కొత్త ఊరు లేవదు.

సీహెచ్‌రూట్‌కు చేతకానివీ ఉన్నాయి. ఇది కోట గోడ కాదు. లోపల రూట్ అనే సర్వాధికార యూజరు హోదా దొరికినవాడు బయటికి రాగలడు. నమ్మకం లేని ప్రోగ్రామును కట్టడి చేయడానికి దీన్ని వాడకూడదు. ఆ అవసరం కోసమే 2000లో ఫ్రీబీఎస్‌డీలో జైళ్లు వచ్చాయి, లినక్స్‌లో నేమ్‌స్పేస్‌లు వచ్చాయి, 2013లో డాకర్ వచ్చింది. ఒక ప్రోగ్రాముకు దాని సొంత ఊరు చూపించడమన్న మూల ఆలోచన మాత్రం వాటిల్లోనూ ఉంది. డెబియన్ వాళ్లు తమ ప్యాకేజీలు కట్టడానికి కూడా ఇలాంటి శుభ్రమైన వేరు ఊళ్లనే ఏళ్ల తరబడి వాడారు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ల పీసీల కోసం విడిగా ఇన్‌స్టాలర్ లేదు, కెర్నెల్ లేదు. 64 బిట్ల యంత్రం మీద పాత ప్రోగ్రాములను నడుపుకోవడానికే ఇక 32 బిట్ల ప్యాకేజీలు అని విడుదల పత్రంలో రాశారు. అందుకు చెప్పిన దారుల్లో సీహెచ్‌రూట్ ఒకటి. వయసైపోయిన సాఫ్ట్‌వేర్‌కు ఇది గౌరవంగా దొరికిన చోటు.

అలాంటి చోటు అవసరం మా పిల్ల ఒక్కదానిదే కాదు. పరిశోధన జరిగే ఏ చోటైనా కొలిచే పరికరం పదిహేనేళ్లు పనిచేస్తుంది, దాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ అయిదేళ్లకే పాతబడుతుంది. పాత ప్రోగ్రామును పారేయకుండా, కొత్త సిస్టమ్‌ను పాడుచేయకుండా రెంటినీ ఒకే యంత్రంలో ఉంచగలగడం డబ్బుతో కొలిచే మేలు. రెండో యంత్రం కొనలేని ఇంట్లో ఆ మేలు మరీ పెద్దది.

నేను తనకు అన్నిటికన్నా ఎక్కువసేపు నేర్పింది విప్పడం. లోపలి హోమ్ గుమ్మం తెరిచి ఉండగానే పనైపోయిందని సీహెచ్‌రూట్ ఫోల్డరును తుడిచేస్తే బయటి అసలు ఫైళ్లు కూడా పోతాయి. నకలు కాదు, అసలుదే అని ముందే చెప్పాను కదా. ఆ పాఠం నాకు కొన్ని కుటుంబ ఫోటోలు పోయాక వచ్చింది. అందుకే వరుస కాగితం మీద రాయించాను. ముందు లోపలి ప్రోగ్రాములన్నీ ఆపాలి. ఎక్కించిన వరుసకు ఎదురు వరుసలో గుమ్మాలు మూయాలి: హోమ్, టెంప్, డెవ్, సిస్, ప్రాక్. మౌంట్ల జాబితా తెరిచి ఏదీ మిగల్లేదని కళ్లతో చూసుకోవాలి. ఆ తర్వాతే ఇంకేదైనా. ఈ ఎక్కించడం, దించడం తనంతట చేసిపెట్టే ఎస్‌సీహెచ్‌రూట్ అనే పనిముట్టు ఉంది. కానీ ఒకసారైనా చేత్తో చేసినవాళ్లకే అది ఏం చేస్తోందో తెలుస్తుంది.

సెమిస్టర్ అయిపోయాక పిల్ల మళ్లీ వచ్చింది. కాగితం ముందు పెట్టుకుని తనే ఒక్కొక్క గుమ్మం మూసింది, జాబితా రెండుసార్లు చూసింది, ఫోల్డరు తీసేసింది. యంత్రం మళ్లీ ఆన్ చేస్తే ఆల్పైన్ ఎప్పటిలాగే లేచింది. దాని లైబ్రరీల్లో ఒక్క ఫైలు మారలేదు. నాలుగు నెలలు తన కడుపులో ఇంకో ఊరు కాపురం చేసి వెళ్లిన ఆనవాలే లేదు. “వచ్చే సెమిస్టర్‌కు నేనే కట్టుకుంట మామా” అని కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది.