క్రొత్త డిస్కునకు డైరెక్టరీల తరలింపు : ఒక విమర్శ

పాత గాదె నిండినచో క్రొత్త గాదె కట్టి ధాన్యమును అందులో పోయుదుము. లినక్సు యంత్రములో హార్డ్ డిస్కు నిండినపుడు హోమ్, వార్ వంటి డైరెక్టరీలను క్రొత్త డిస్కునకు మార్చుటయు ఇట్టిదే యని పలువురు భావింతురు. "నకలు తీయుము, పాతది చెరుపుము, క్రొత్తది తగిలింపుము" అని మూడు మాటలలో పాఠము ముగింతురు. ఇది ఎంతవరకు సరియో విచారింతము.

లినక్సునకు ఆదర్శమైన యూనిక్సును అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలు రూపొందించిరి. 1974లో వారు ప్రకటించిన వ్యాసమునుబట్టి, మూల డైరెక్టరీ 10 లక్షల బైట్ల చిన్న డిస్కుమీద నుండెను. ఉపయోగించువారి ఫైళ్లు గల పెద్ద డిస్కును, చెట్టునకు కొమ్మను అంటుకట్టినట్లు, దానికి జోడించిరి. డిస్కు మారినను ఫైలు పేరు మారదు. ప్రోగ్రాములను తిరిగి వ్రాయ బనిలేదు. ఈ ఏర్పాటు మిక్కిలి మెచ్చదగినది. లోపమెల్ల మన బోధనలోనే కలదు.

మొదటిది : ఫైలనగా అందలి అక్షరములు మాత్రమే కాదు, యజమాని, అనుమతులు, తేదీలు కూడ దానికి చెందినవే. నిర్వాహకుడు సామాన్యమైన నకలు ఆజ్ఞ నిచ్చినచో క్రొత్త ఫైళ్లకెల్ల తానే యజమాని యగును. మా ప్రయోగశాలలో ఒకసారి ఇట్లే జరిగెను. విద్యార్థులు తమ ప్రయోగ ఫలితములను చదువగలిగిరే గాని, దిద్దలేకపోయిరి. సీపీ ఆజ్ఞకు 'ఏ' అను గుర్తు చేర్చి యుండినచో ఈ చిక్కు రాకుండెడిది.

రెండవది : వార్‌లోని ఫైళ్లు ఎడతెగక మారుచుండును. యంత్రము పనిచేయుచుండగా తీసిన నకలులో కొంత పాతది, కొంత క్రొత్తది చేరవచ్చును. కావున అందులో వ్రాయు ప్రోగ్రాములను ముందుగా ఆపవలెను.

మూడవది : ఏ డైరెక్టరీనైనను మార్చవచ్చునను భ్రమ. ఏ డిస్కును ఎచట అంటుకట్టవలెనో తెలుపు పట్టిక ఎట్‌సీ డైరెక్టరీలో నుండును. దానినే వేరుచేయుట తాళపుచెవిని పెట్టెలో నుంచి తాళము వేయుట వంటిది.

అన్నిటికంటె పెద్ద తప్పు ఆ మూడు మాటల వరుసలోనే యున్నది. చెరుపుట మధ్యలో కాదు, చివర నుండవలెను. పాత డైరెక్టరీకి వేరొక పేరు పెట్టి, దాని స్థానమున ఖాళీ డైరెక్టరీ నుంచి, క్రొత్త డిస్కును అచట అంటుకట్టవలెను. యంత్రమును తిరిగి ప్రారంభించి, ఒక విద్యార్థిచేత ఫైలు తెరపించి, దిద్దించి చూడవలెను. అంతయు సరిగా నున్నదని తేలిన పిమ్మటనే పాతది చెరుపవలెను. ఏడాది పొడుగున వ్రాసిన విద్యార్థుల రికార్డులు పోయినచో, వానిని ఏ ఆజ్ఞయు తిరిగి తేజాలదు.