ముక్కలైన నేల, చెదరని సభ: ఫస్ ఫిక్సికో లేఖలలో క్రీక్ సంప్రదాయ జీవనం

1902లో, నేటి ఓక్లహోమా రాష్ట్రపు తూర్పు భాగమైన ఇండియన్ టెరిటరీలో, యూఫాలా పట్టణం నుంచి వెలువడుతున్న ‘ఇండియన్ జర్నల్’ పత్రికలో ఫస్ ఫిక్సికో అనే క్రీక్ ఆదివాసి సంతకంతో లేఖలు రావడం మొదలైంది. ఆ పేరుతో రాసినవాడు పత్రికా సంపాదకుడు అలెగ్జాండర్ పోసీ (1873–1908). ఈ లేఖలు 1908 వరకు వివిధ పత్రికలలో కొనసాగాయి. డానియల్ లిటిల్‌ఫీల్డ్, కారొల్ పెట్టీ హంటర్‌ల సంపాదకత్వంలో 1993లో గ్రంథరూపం దాల్చాయి. విమర్శకులు వీటిని ప్రధానంగా రాజకీయ వ్యంగ్యరచనలుగా పరిగణించారు. అది తప్పు కాదు. అయితే వ్యంగ్యం ఈ లేఖల వస్తువుకు సంబంధించింది. వీటి నిర్మాణం మాత్రం అమెరికా పత్రికారచన నుంచి కాక, క్రీక్ ఊరి సభ నుంచి వచ్చింది. ఈ సంగతిని గుర్తించకపోతే క్రీక్ సంప్రదాయ జీవనానికి లేఖలలో దక్కిన స్థానం సోఫ్కీ అనే మొక్కజొన్న జావ, పొగాకు, పొయ్యి వంటి చిల్లర వివరాలకే పరిమితమైనట్లు కనిపిస్తుంది.

క్రీక్ అనేది ఇంగ్లీషు వర్తకులు పెట్టిన పేరు. ఓకమల్గీ నదీతీరంలోని ఊళ్లను ఆ వాగు పేరుతో పిలవడం వల్ల అది స్థిరపడిందని చరిత్రకారులు భావిస్తారు. వారు తమను మస్కోగీలుగా చెప్పుకుంటారు. అంతకంటే ముందు, ఫలానా ఊరివారిగా చెప్పుకుంటారు. జార్జియా, అలబామా ప్రాంతాలలో చాటహూచీ, కూసా, టాలపూసా నదుల వెంట విస్తరించిన ఈ సమాజానికి మూలఘటకం ‘టల్వా’, అనగా ఊరు. ఊరిని ఊరుగా నిలిపింది ఇళ్ల సముదాయం కాదు, చతురస్రాకారపు సభాస్థలి, దాని నడుమ వెలిగే అగ్ని. నలువైపులా పందిళ్లు, ఎవరి స్థానం ఎక్కడో ముందే నిర్ణయమైన ఆసనాలు, ‘మిక్కో’ అనే పెద్ద. వేసవిలో కొత్త మొక్కజొన్న చేతికొచ్చిన వేళ ఉపవాసాలతో సాగే బస్క్ ఉత్సవంలో పాత నిప్పును ఆర్పి కొత్త నిప్పును రగిలిస్తారు. హత్య మినహా గడచిన ఏటి అపరాధాలను అప్పుడు మన్నిస్తారు. వంశం తల్లి నుంచి సంక్రమిస్తుంది. మగపిల్లవాని పెంపకంలో తండ్రి కంటే మేనమామదే పైచేయి. ఇల్లు, చేను స్త్రీలవి. తెలుగు పాఠకునికి ఆ సభాస్థలి రచ్చబండను స్ఫురింపజేయవచ్చు గాని, ఆ పోలిక కొంతదూరమే నిలుస్తుంది. రచ్చబండకు అగ్ని లేదు, ఉపవాసం లేదు.

ఈ జీవనాన్ని తొలినాళ్లలో విపులంగా నమోదు చేసినవారిలో బెంజమిన్ హాకిన్స్ ముఖ్యుడు. 1796 నుంచి 1816లో మరణించే వరకు అతడు అమెరికా ప్రభుత్వ ప్రతినిధిగా క్రీకుల మధ్య నివసించాడు. 1798–99 నాటి పరిశీలనల ఆధారంగా అతడు రాసిన వివరణ 1848లో అచ్చయింది. కసీటా ఊరిలో ఎనిమిది రోజులు సాగే బస్క్‌ను అతడు రోజువారీగా వర్ణించాడు. పరిశోధకులకు నేటికీ అది ఆకరమే. కాని ఆ గ్రంథం చూపును గమనించాలి. నది వెంట ఒక్కో ఊరినీ దాటుతూ నేల సారం ఎంత, కంచె వేశారా లేదా, పశువులు ఎన్ని అని లెక్కిస్తూ అది సాగుతుంది. ఊరు విడిచి విడిగా కంచె వేసుకున్న కుటుంబం అతనికి ప్రగతికి గుర్తు. నాగలి, మగ్గం, కంచెలతో క్రీకులను మార్చాలన్న ప్రభుత్వ ప్రణాళికను అమలు చేసినవాడు అతడే. సభాస్థలిని అంత శ్రద్ధగా వర్ణించిన చేతులే దాని చుట్టూ ఉన్న ఊరు విడిపోవాలని కోరుకున్నాయి.

తరువాతి చరిత్ర వేగంగా నడిచింది. 1814 మార్చి 27న హార్స్‌షూ బెండ్ వద్ద ఎనిమిది వందలకు పైగా రెడ్ స్టిక్ యోధులు మరణించారు. ఆ ఏడే ఫోర్ట్ జాక్సన్ ఒడంబడికతో రెండు కోట్ల ఎకరాలకు పైగా భూమి పోయింది. 1830లలో మిగిలిన జనాన్ని మిసిసిపీ నదికి పడమరగా తరలించారు. లోచపోకా ఊరివారు తమ సభాగ్ని బూడిదను వెంట తెచ్చి, 1836లో నేటి టల్సా నగరంలోని ఓక్ చెట్టు వద్ద ఉంచి కొత్త నిప్పు రగిల్చారు. నేల మారినా ఊరు మారలేదు. 1867 నాటి క్రీక్ రాజ్యాంగంలో కూడా శాసనసభకు ప్రాతినిధ్యం ఊరి ప్రాతిపదికనే. అందువల్ల 1898 నాటి కర్టిస్ చట్టం, 1901 నాటి ఒప్పందం ఉమ్మడి భూమిని మనిషికి 160 ఎకరాల వంతున పంచడం కేవలం భూసంస్కరణ కాదు. ఊరు అనే రాజకీయ వ్యవస్థను అది రద్దు చేసింది.

ఫస్ ఫిక్సికో లేఖలు సరిగ్గా ఈ దశలో పుట్టాయి. కొన్ని తొలి లేఖల తరువాత వాటి ఆకృతి స్థిరపడింది. హాట్‌గన్ మాట్లాడతాడు. టూక్‌పాఫ్కా మిక్కో, వుల్ఫ్ వారియర్, కోనో హార్జో శ్రద్ధగా వింటారు, హుంకరిస్తారు, నిప్పులో ఉమ్ముతారు. తరువాత మరొకరు అందుకుంటారు. ఫస్ ఫిక్సికో వాదించడు, విన్నది చేరవేస్తాడు. వక్త మాటకు ఎవరూ అడ్డు రారు. శ్రోతల హుంకారం లేకుండా మాట ముందుకు సాగదు. దీన్ని కేవలం హాస్యపద్ధతిగా తీసిపారేయడం కష్టం. ఒకరు చాలాసేపు మాట్లాడటం, తక్కినవారు సమ్మతిసూచకంగా పలకడం, మరొకరు ఆ మాటలను ఇతరులకు వినిపించడం సభాస్థలి మర్యాదలు. శాసనం రద్దు చేసిన సభను పోసీ పత్రిక పుటలోకి మార్చాడు.

పేర్ల విషయంలో ఇది మరింత స్పష్టం. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఈ లేఖలలో ‘రూస్టర్ ఫెదర్’, అంటే కోడిపుంజు ఈక. డాస్ కమిషన్‌ను నడిపిన టామ్స్ బిక్స్‌బీ ‘బిగ్ పై’ అవుతాడు. క్రీక్ అధినేత ప్లెజెంట్ పోర్టర్‌కు కూడా మినహాయింపు లేదు, అతడు ‘ప్లెంటీ సో ఫార్’. దీన్ని సాధారణంగా శబ్దశ్లేషగానే వివరిస్తారు. కాని హార్జో, ఫిక్సికో వంటివి మొదట యోధులకు సభాస్థలిలో ప్రదానం చేసిన బిరుదులు. ‘ఫిక్సికో’ అంటే గుండె లేనివాడు, అనగా జంకు లేనివాడు. కమిషన్ గుమాస్తాలు క్రీకుల పేర్లను తమకు తోచినట్లు జాబితాలకెక్కిస్తున్న కాలంలో, పేరుపెట్టే అధికారాన్ని హాట్‌గన్ బృందం తిరిగి తీసుకుంది. వాషింగ్టన్ అధికారులు ఆ నిప్పు ముందు కొత్త బిరుదులు పొందారు, కోరుకోనివే అయినా. ఈ లేఖలను తెలుగులోకి తేదలచిన అనువాదకునికి ఇక్కడే చిక్కు. క్రీక్ పలుకుబడి కలిసిన ఆ ఇంగ్లీషును నవ్వు పుట్టించే పల్లెయాసగా మారిస్తే నవ్వు హాట్‌గన్ మీదికి మళ్లుతుంది. మూలంలో అది అధికారి మీదే ఉంది.

పోసీ జీవితం ఈ సభకు అనుగుణంగా లేదు. భూపంపకాన్ని తిరస్కరించిన చిట్టో హార్జో మీద అతడు మెప్పుదలతో కవిత రాశాడు. 1904 నుంచి డాస్ కమిషన్ ఉద్యోగిగా, జాబితాలో చేరడానికి ఇష్టపడని క్రీకులను వెతికి నమోదు చేసే పని చేశాడు. ఆపై, పంచిన భూముల క్రయవిక్రయాలలో దిగాడు. 1905లో ప్రత్యేక ఆదివాసి రాష్ట్రం కోరిన సెక్వోయా మహాసభకు కార్యదర్శి కూడా అతడే. క్రీక్ విమర్శకుడు క్రేగ్ వోమాక్ ‘రెడ్ ఆన్ రెడ్’ (1999)లో ఈ లేఖలను క్రీక్ సాహిత్య సంప్రదాయంలో ఉంచి చదివాడు, తన అధ్యాయాల మధ్య అదే ఫక్కీలో తానూ లేఖలు రాశాడు. రచయిత నడవడి నుంచి రూపం విడిపోయి బతకగలదనడానికి అది బలమైన సాక్ష్యం. అయితే రూపం రచయితను నిర్దోషిని చేయదు. హాట్‌గన్ ఎగతాళి చేసిన భూవ్యాపారమే అతని సృష్టికర్తకు జీవనోపాధి అయింది. లేఖలలోని చేదుకు కొంత కారణం బహుశా ఆ ఎరుకే.

ఆ నిప్పు చుట్టూ ఎవరు లేరన్నది మరో ప్రశ్న. ఇల్లు, చేను ఎవరివో ఆ స్త్రీల గొంతు దాదాపు వినబడదు. సోఫ్కీ మాత్రం వేళకు అందుతుంది. క్రీకుల వద్ద ఒకప్పుడు బానిసలుగా ఉండి, 1866 ఒడంబడికతో పౌరసత్వం పొందిన నల్లజాతివారి పట్ల పోసీ రచనలలో కనిపించేది తృణీకారమే. డాస్ కమిషన్ వారిని వేరే జాబితాలో చేర్చింది. 1867 తరువాతి క్రీక్ శాసనసభలో ఆర్కన్సా, కెనేడియన్, నార్త్ ఫోర్క్ అనే మూడు నల్లజాతి ఊళ్లకు తక్కిన ఊళ్లతో పాటు స్థానం ఉండేది. హాట్‌గన్ నిప్పు చుట్టూ ఆ మూడు ఊళ్లవారికి చోటు లేదు.