అర్జీ పెట్టనివాళ్ల పార్కు

మన వైపు పార్కుకి నిండు కాలం చలికాలమే. ఎండాకాలంలో పొద్దున తొమ్మిది దాటితే ఇనప జారుడుబల్ల మీద పిల్లల్ని కూర్చోబెట్టలేం, తొడలు చురుక్కుమంటాయి. వానాకాలంలో బెంచీలన్నీ తడి, దారంతా పాచి, సాయంత్రమైతే దోమలు. నడిమధ్యాహ్నం కూడా పిల్లలు హాయిగా ఉయ్యాల ఊగే రోజులు కార్తీకంతో మొదలై మహా అయితే శివరాత్రి దాకా ఉంటాయి. ఊళ్లో ఉన్న ప్రతి సంఘానికీ, బడికీ, క్లబ్బుకీ పార్కు గుర్తొచ్చేదీ అప్పుడే. వనభోజనాలు, బాలల దినోత్సవం, పూల ప్రదర్శన, కొత్త సంవత్సరం, సంక్రాంతి ముగ్గులు, రిపబ్లిక్ డే ఆటల పోటీలు, అన్నీ వరసగా వచ్చి పడతాయి.

గోదావరి జిల్లాల్లో ఒక చిన్న పట్టణంలో, మున్సిపాలిటీ తరఫున పార్కుల పని చాలాకాలం చూశాను. ఊరు మొత్తానికి చెప్పుకోదగ్గ పార్కు ఒకటే. బయటివాళ్లు ఈ పనంటే మొక్కలు, నీళ్లు, కత్తిరింపులు అనుకుంటారు. చలికాలంలో అసలు పని బల్ల మీద ఉంటుంది. ఏ తేదీ ఎవరికి, ఎంత మేర, ఎన్ని గంటలు అన్నది తేల్చాలి. అర్జీ పెట్టేవాళ్లు ఎప్పుడూ కంటికి కనిపిస్తారు. వాళ్లకి లెటర్‌హెడ్ ఉంటుంది, అధ్యక్ష కార్యదర్శుల సంతకాలుంటాయి, వెనకాలే కౌన్సిలర్ గారి ఫోను వస్తుంది. రోజూ తెల్లవారుజామున చేతికర్రతో వచ్చి నాలుగు చుట్లు తిరిగే పెద్దాయన అర్జీ పెట్టడు. గది అద్దెకి తీసుకుని గ్రూప్స్‌కి చదువుతూ, పగలంతా పార్కు బెంచీ మీదే పుస్తకాలు పరుచుకునే కుర్రాడు పెట్టడు. ఇంటిపని ముగించుకుని నాలుగింటికి వచ్చి, కాసేపు ఎవరికీ జవాబు చెప్పక్కర్లేకుండా కూర్చునే ఆడవాళ్లు పెట్టరు. వీళ్ల పేర్లు ఏ ఇన్‌వార్డు రిజిస్టరులోనూ ఉండవు. వచ్చిన ప్రతి అర్జీ మీదా సంతకం పెట్టేముందు అర్జీ పెట్టని వీళ్ల అర్జీ కూడా చదవాలి. ఈ పనిలో నేను నేర్చుకున్న విద్య అదే, మిగతావన్నీ దాని వెనకాల వచ్చినవే.

అన్నిటికన్నా ముందు వచ్చేవీ, నేల మీద ఎక్కువ బరువు మోపేవీ వనభోజనాలు. కార్తీకంలో ఆదివారాలు నాలుగో ఐదో ఉంటాయి, అడిగేవాళ్లు అంతకు ఎన్నో రెట్లు. వంట అక్కడే చేస్తామంటారు. చెయ్యాలి కూడా, క్యారియర్లలో తెచ్చుకుని తింటే వనభోజనమన్న కళ రాదు. కాని వందలమందికి వంటంటే గాడిపొయ్యి తవ్వాలి. వంటమేస్త్రి ముందు నీడ చూసుకుంటాడు. నీడ ఉన్నది నిద్రగన్నేరు కింద. ఆ చెట్టు వేళ్లు చాలావరకు పైపైనే పాకుతాయి. మూరెడు లోతు గాడి తవ్వితే గునపానికి తగిలేవి అవే. ఆపైన గంటల తరబడి మంట. ఆ వేడికి మట్టిలోని సన్నవేళ్లు మాడిపోతాయి. చెట్టు ఆ రోజే ఏమీ చెప్పదు. వచ్చే వేసవిలో ఆ వైపు కొమ్మ ఎండుతుంది, అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు.

గంజి సంగతి ఇంకొకటి. మా దగ్గర ముసలి తోటమాలి ఒకాయన ఉండేవాడు. కార్తీకం వస్తోందంటే నా వెంట పడేవాడు. "గంజి ఎక్కడ పారబోస్తారో ముందే అడగండి బాబుగారూ. మరిగే గంజి పడితే గరికైనా చచ్చిపోద్దండి. ఆనక చీమలూ పందికొక్కులూ చేరతాయి, మనం చూసుకోలేం." ఆయన మాట మీద వెనక గోడవారన, బోరు పక్కన, మొక్కల్లేని జాగాలో ఇటుకలతో పొయ్యిలు శాశ్వతంగా కట్టించాం. పైన రేకులు, పక్కన గంజికీ కడుగునీళ్లకీ ఇంకుడుగుంత. పార్కులో పొయ్యిలేమిటని కొందరు కోప్పడ్డారు. కట్టాక మాత్రం గాడి తవ్వుకుంటామన్నవాళ్లు మళ్లీ కనపడలేదు. తవ్వొద్దని ఎన్ని బోర్డులు పెట్టినా జరగని పని, ఇదిగో ఇక్కడ వండుకోండి అని చోటు చూపిస్తే జరిగింది.

ఉసిరిచెట్టు కింద తినాలన్నది ఆచారం. చిన్న పట్టణాల పార్కుల్లో అది ఉన్నది తక్కువ. బజారులో ఉసిరికొమ్మ కొని బకెట్లో ఇసక పోసి నిలబెట్టి, దానికే పసుపు కుంకుమ పెట్టి, చుట్టూ కూర్చునేవాళ్లు. కడియం నర్సరీల నుంచి అంటుమొక్కలు తెచ్చి భోజనాల జాగా చుట్టూ నాటించాం. ఒక్కటే నాటితే పూజకని రెమ్మలు తుంచేసి దాన్ని ఎదగనివ్వరు, గుంపుగా నాటితే ఆ దెబ్బ అన్నిటికీ పంచుకుపోతుంది. విస్తళ్ల విషయంలో చట్టమే సాయానికొచ్చింది. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు దేశమంతా నిషేధం. అరిటాకులూ అడ్డాకులూ అయితే పార్కులోనే ఎరువుగుంతలో వేసెయ్యొచ్చు.

ఇక్కడొక మాట దాచకుండా చెప్పాలి. మన పట్టణాల్లో వనభోజనాలు చాలావరకు కుల సంఘాల పేరు మీదే జరుగుతున్నాయి. బంధువులూ తెలిసినవాళ్లూ ఏడాదికొకసారి ఒకచోట కలిసి తినడాన్ని నేను తప్పుపట్టను. పార్కు గేటుకి ఒక కులం బ్యానరు కట్టి, ఆ పూటకి గేటు వేసేసి, లోపలికి వచ్చేవాళ్లని "మీరెవరి తాలూకండీ" అని అడగడం మాత్రం ఒప్పుకోరానిది. ఆ ప్రశ్న విని వెనక్కి వెళ్లిపోయిన మనిషి మళ్లీ ఆ గేటు వైపు రాదు. అందుకని ఏ అర్జీకైనా పార్కులో మూడోవంతుకి మించి ఇవ్వకూడదనీ, గేటు రెండు తలుపులూ రోజంతా తెరిచే ఉండాలనీ, బ్యానరు వాళ్ల షామియానా దాటి బయటికి రాకూడదనీ పట్టుబట్టాను. దీనికోసం పడ్డ మాటలు చాలానే ఉన్నాయి. పార్కు అందరిదన్నది కోర్టు మాట కూడా. పార్కు కోసం విడిచిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడం చెల్లదని బెంగళూరుకి చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు 1991లో తీర్పు చెప్పింది. ఆ స్థలం కోసం కోర్టుకెక్కింది ఆ చుట్టుపక్కల కాపురముండేవాళ్లే. ఒక ఆదివారం కోసం కోర్టుకి ఎవరూ వెళ్లరు. ఆదివారాలు మాత్రం ఒక్కొక్కటిగా అలాగే పోతుంటాయి.

దీపాల గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. డిసెంబరులో మన దగ్గర ఐదున్నర దాటితే పొద్దు గూకుతుంది, పొద్దున ఆరు దాటినా వెలుగు సరిగ్గా రాదు. నడకకి వచ్చే పెద్దవాళ్లకి వెలుతురు కావలసింది సరిగ్గా ఆ చీకటివేళల్లో, అదీ కాలి కింద. మంచుకి తడిసిన నున్నటి టైల్స్ మీద కాలు జారితే ఆ వయసులో తుంటి ఎముక పోతుంది. కాని టైమరు వేసవిలో పెట్టినట్టే ఉంటుంది, పొద్దున ఐదింటికే దీపాలారిపోతాయి. కొత్త దీపాలడిగితే ఎత్తు స్తంభం మీద హైమాస్ట్ పెడతారు. అది సభలకి పనికొస్తుంది. దారి మీద చెట్ల నీడలు పడి, గతుకేదో గడపేదో తెలియకుండా చేస్తుంది. నడుమెత్తు స్తంభాల మీద చిన్న దీపాలు దారి పొడుగునా ఉండాలి.

మా పార్కులో పెట్టిన హైమాస్ట్ వల్ల ఇంకో చోద్యం కళ్లారా చూశాను. జనవరి పూల ప్రదర్శనకని చామంతి కుండీలు పెంచుతున్నాం. ఒకే రోజు నాటినవి, ఒకే మట్టి, ఒకే ఎరువు. దూరంగా ఉన్న వరసలు నిండా మొగ్గలు తొడిగాయి. స్తంభం వైపు వరసలు ఏపుగా ఆకులు వేసుకుని, మొగ్గ మాటే ఎత్తకుండా నిలబడ్డాయి. చామంతి రాత్రి పొడుగుని బట్టి పూసే మొక్క. రాత్రి తగినంత పొడుగయిందని తెలిస్తేనే మొగ్గ పెడుతుంది, మధ్యలో దీపం వెలిగితే దానికింకా పొడుగు పగలే. తోటమాలులు కుండీలన్నీ ఎత్తి గోడ నీడకి మార్చారు. నెల తిరక్కుండా మొగ్గలు కనిపించాయి గానీ ప్రదర్శన నాటికి సగమే విచ్చాయి. అప్పట్నుంచి రాత్రి తొమ్మిదయితే హైమాస్ట్ ఆర్పెయ్యాలన్నాం, చెట్లకి సీరియల్ బల్బులు చుట్టడం మాన్పించాం. కొమ్మల్లో రాత్రి తలదాచుకునే గోరింకలకీ అది మేలే.

గడ్డి విషయంలో నా అభిప్రాయం గట్టిది. మున్సిపాలిటీలు ఇష్టపడేది కొరియన్ గడ్డి. చూడ్డానికి మెత్తగా, బుడిపెలు బుడిపెలుగా అందంగా ఉంటుంది, కాని ఒకసారి నలిగితే కోలుకోవడానికి చాలా కాలం పడుతుంది. జనం తిరిగే చోట మన గరికే మేలు. తొక్కినా, ఎండినా, పాకి మళ్లీ కమ్ముకుంటుంది. అయితే చలికి ఏ గడ్డయినా ఎదుగుదల తగ్గిస్తుంది. మనం దాన్ని ఎక్కువ తొక్కేది కూడా అప్పుడే. ఈ లెక్క చూసుకోకపోతే ఫిబ్రవరికి మధ్యలో బట్టతల కనిపిస్తుంది. కార్యక్రమానికి ముందురోజు నుంచే నీళ్లు ఆపెయ్యాలి. తడినేల మీద షామియానా సామాను దించే ట్రాక్టరు ఒక్కసారి ఎక్కిందంటే, ఆ చక్రాల జాడలో మట్టి బిగుసుకుపోయి ఏడాది పాటు నీరు ఇంకదు. సామాను గేటు దగ్గరే దించి తోపుడుబండి మీద లోపలికి తేవాలి. కార్యక్రమం అయ్యాక ఆ మేరంతా తాడు కట్టి మూసి, పారకోలతో గుచ్చి గుల్లచేసి, ఇసకా వర్మీకంపోస్టూ చల్లి, రెండు వారాలు ఎవరినీ అడుగు పెట్టనివ్వకూడదు. ఆ రెండు వారాల కోసమే అర్జీలకి వరస తేదీలు ఇవ్వకుండా స్థలం మార్చి మార్చి ఇస్తాం. ఖాళీగా కనిపిస్తోంది కదా, ఇస్తే ఏం పోయిందని అడుగుతారు. అది ఖాళీ కాదు, కోలుకుంటోంది.

కోస్తాలో నవంబరు, డిసెంబరు అంటే తుపాన్ల కాలం కూడా. 1996 నవంబరులో కోనసీమని ముంచిన తుపాను, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్, రెండూ సరిగ్గా ఈ రోజుల్లోనివే. వనభోజనాలకి ముందే పార్కులో ప్రతి చెట్టునీ తల పైకెత్తి చూడాలి. ఎండుకొమ్మ, పుచ్చిన పంగ, ఒరిగిన తురాయి ఏది కనిపించినా జనం రాకముందే తీసెయ్యాలి. ఇది వాయిదా వేసే పని కాదు.

ముగ్గుల పోటీకి చోటు షటిల్ కోర్టు సిమెంటు నేల. గడ్డి పక్కన మట్టిలో వేయిస్తే ఆ రంగులు మొక్కల పాదుల్లోకి పోతాయి. పోటీ అయ్యాక ముందు పొడి పొడిగా ఊడ్చి ఎత్తి, ఆ తర్వాతే కడగాలి. మధ్యాహ్నానికి కోర్టు అప్పజెప్పాలి, ఎందుకంటే గాలి పెద్దగా లేని ఈ రోజుల్లోనే ఆరుబయట షటిల్ సాగేది. మైకు విషయంలో బేరమే లేదు. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకరు మోగకూడదు. పండగలకని అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వాలంటే అది ప్రభుత్వమే ఇవ్వాలి, అదీ ఏడాదిలో పదిహేను రోజులకి మించకుండా. పార్కు చుట్టూ ఇళ్లున్నాయి, ఆ ఇళ్లలో జనవరిలో పరీక్షలకి చదివే పిల్లలున్నారు.

పెద్ద ప్రదర్శనలు అడిగినప్పుడు నేను హైదరాబాదు నుమాయిష్ సంగతి చెప్పేవాణ్ణి. అది 1938లో మొదలైంది పబ్లిక్ గార్డెన్స్‌లోనే. 1946లో నాంపల్లి మైదానానికి తరలించారు. నుమాయిష్‌కి దానివల్ల ఏ లోటూ రాలేదు, మామూలుగా ఏటా జనవరి మొదట్లో అక్కడే తెరుచుకుంటోంది. తోటా బతికింది. మన పట్టణాల్లో ఎగ్జిబిషన్లు, జెయింట్ వీల్స్ పెట్టుకోవడానికి జూనియర్ కాలేజీ గ్రౌండ్లున్నాయి, మార్కెట్ యార్డులున్నాయి. పార్కు మీద వాటిని రుద్దనక్కర్లేదు.

డబ్బు సంగతికొస్తే, తెలంగాణ 2019 మున్సిపాలిటీల చట్టంలో బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికే పెట్టాలని రాసుకున్నారు. అది చాలా మంచి పని. నేనడిగేది ఇంకా చిన్నది. కార్యక్రమాలకి కట్టించుకునే అద్దె చలానా రూపంలో సాధారణ నిధిలో కలిసిపోతుంది, పార్కుకి తిరిగి రాదు. పాడైన గడ్డికీ విరిగిన కుళాయికీ అర్జీదారులు కట్టే ధరావతులోంచి కోసుకునే వీలైనా ఉండాలి, అద్దెలో సగమైనా ఆ పార్కుకే ఖర్చుపెట్టాలి.

ఆ డబ్బుతో మొదట చేయాల్సిన పని మరుగుదొడ్లు. వనభోజనాల రోజు వందలమంది ఆడవాళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడే ఉంటారు. గది ఉంటుంది, తాళం వాచ్‌మన్ దగ్గరుంటుంది, ఆయన భోజనానికి వెళ్లి ఉంటాడు. తాళం దొరికినా లోపల నీళ్లుండవు. నీళ్లు తాగకుండా పిల్లల్ని ఆడించే తల్లుల్ని, ముగ్గుల పోటీకి వచ్చి బహుమతులివ్వకముందే ఇంటికి పరిగెత్తే ఆడపిల్లల్ని చాలామందిని చూశాను. ఈ అక్టోబరులో మీ ఊరి కమిషనరు గారు పార్కుకి రంగులు వేయించే ముందు, ఎవరైనా వెళ్లి ఒక్క మాట చెప్పండి. ఆ గదికి తాళం తీయించి, బోరు నుంచి పైపు లాగించి, తలుపుకి లోపలి గడియ పెట్టించమనండి.