ఐదోవాడు

చికాగో శివార్లలో మావాడు హైస్కూలు క్రాస్ కంట్రీ జట్టులో చేరతానన్నప్పుడు "పరుగెత్తడానికి కోచ్ ఎందుకురా?" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ముందు లెక్క చెప్పాలి. జట్టుకు ఏడుగురు. ఎన్నో స్థానంలో వస్తే అన్ని పాయింట్లు. మొదటి ఐదుగురివీ కూడితే ఎవరికి తక్కువొస్తే వాళ్లదే గెలుపు. మొదటి ఐదు స్థానాలూ ఒకే జట్టువైతే 15. అంతకంటే మంచి స్కోరు లేదు. ఆరు, ఏడో వాళ్లవి కూడికలోకి రావు గానీ, ఎదుటివాళ్ల ఐదోవాణ్ణి దాటితే వాడి స్థానాన్ని వెనక్కి నెడతారు. స్కోర్లు సమానమైతే ఆరోవాడే తీర్పరి. మొనగాడు ముందొచ్చినా, ఐదోవాడు ఎనభయ్యో స్థానంలో వస్తే జట్టు మునిగినట్టే. మావాడు ఐదోవాడు. అందుకే నాకీ లెక్క కంఠతా వచ్చు.

పందేలు ఆగస్టు చివర్లో మొదలవుతాయి, అసలు పని మాత్రం జూన్‌లోనే. పొద్దున్నే మైళ్లకు మైళ్లు, కబుర్లు చెప్పుకోగలిగినంత నెమ్మదిగా. నెమ్మదిగా పరుగెడితే వేగం ఎలా వస్తుంది? గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది, కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ 800 మీటర్ల పరుగువీరుడు పీటర్ స్నెల్ చేత కూడా వారానికి 100 మైళ్లు పరుగెత్తించాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్‌కు స్వర్ణం వచ్చింది. పిల్లలకు అన్ని మైళ్లు పెట్టరు, సూత్రం మాత్రం అదే. ఆ తర్వాతే దిబ్బ. ఇల్లినాయి అరచెయ్యంత చదును. గుట్ట దొరక్క, చలికాలంలో పిల్లలు మంచు మీద జారే దిబ్బనే పదేసిసార్లు ఎక్కించేవారు. అన్నిటికన్నా కష్టం గుంపు విడిపోకుండా ఉండటం. సత్తా ఉన్నవాడు తొందరపడకూడదు, లేనివాడు వదిలెయ్యకూడదు.

ఈ విద్యలో ఇక్కడ పెద్దపేరు ఎల్మ్‌హర్స్ట్‌లోని యార్క్ హైస్కూలు. 2017లో చనిపోయిన జో న్యూటన్ కోచ్‌గా ఆ బడి 28 రాష్ట్ర టైటిళ్లు గెలిచింది. రాష్ట్ర పోటీ పియోరియాలోని డెట్‌వైలర్ పార్కులో, మూడు మైళ్లు. 1972లో క్రెయిగ్ వర్జిన్ అనే హైస్కూలు కుర్రాడు అక్కడ 13 నిమిషాల 50.6 సెకన్లలో పరుగెత్తాడు. ఆ రికార్డు 2019 దాకా చెక్కుచెదరలేదు. అతను తర్వాత 1980, 1981ల్లో ప్రపంచ క్రాస్ కంట్రీ విజేత అయ్యాడు.

మాకు అంత ఘనమైన రికార్డులు లేవు, ఉన్నది ఒక చిన్న వైరమే. పక్క ఊరి బడిలో నీలం చొక్కా కుర్రాడొకడు ఉండేవాడు, వాడూ వాళ్ల ఐదోవాడే. మూడేళ్లు మా ఇంట్లో అన్నాల దగ్గర వాడి ఊసే. చివరి పందెంలో గీత దాటి ఇద్దరూ పక్కపక్కనే గడ్డిలో పడిపోయారు. నేను నీళ్లు పట్టుకుని పరుగెత్తేసరికి వేళ్లు మడిచి స్థానాలు కూడుకుంటున్నారు. లెక్క సమానంగా తేలినట్టుంది.

"మీ ఆరోవాడు వచ్చాడా?" అన్నాడు నీలం చొక్కా, రొప్పుతూనే.